పట్టాలో కనబడని లోపం: చెన్నైలో స్థలం కొనేముందు మట్టి, నీళ్ల పరీక్ష

2013 జులైలో చెన్నై తండయార్‌పేటలో కొన్ని ఇళ్ల బోర్లలోంచి నీళ్లతో పాటు పెట్రోలు, డీజిలు పైకొచ్చాయి. వీధుల అడుగున పోతున్న ఒక ప్రభుత్వ రంగ చమురు సంస్థ పైప్‌లైన్ కారడమే కారణమని తేలింది. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. నేలలోంచి చమురు తోడే పని ఏళ్ల తరబడి సాగింది. ఇలాంటి సంగతి రాసుకునే గడి ఏ దస్తావేజులోనూ ఉండదు. పట్టా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మూల దస్తావేజులు భూమి ఎవరి తర్వాత ఎవరి చేతికి వచ్చిందో చెబుతాయి. ఆ చేతులు భూమిలో ఏం పోశాయో చెప్పవు.

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థలం చూసేవాళ్లలో చాలామంది ఉత్తరం వైపే మొగ్గుతారు. మాధవరం, రెడ్‌హిల్స్, కొడుంగయ్యూర్, గుమ్మిడిపూండి రోడ్డు అయితే సొంతూరికి దగ్గర, తెలుగు మాట వినబడుతుంది, దక్షిణ చెన్నైతో పోలిస్తే గ్రౌండు (2,400 చదరపు అడుగుల స్థలం) ధరా తక్కువ. ఆ తక్కువలో కొంత వసతుల లేమి వల్ల, కొంత వరద భయం వల్ల, కొంత పరిశ్రమల వల్ల. మొదటి రెండూ కాలంతో మారవచ్చు. మెట్రో వస్తుంది, కాలవ కడతారు. మూడోది అలా కాదు. నేలలోకి దిగిన క్రోమియం రోడ్డు వెడల్పు చేస్తే పోదు. అందుకే పెట్టుబడి లెక్కలో దాన్ని విడిగా తీసి చూడాలి.

ఫ్యాక్టరీ పోయాక మిగిలేది

గిండీ పారిశ్రామిక వాడ 1958లో, అంబత్తూరు ఎస్టేట్ 1960లలో మొదలయ్యాయి. మోటారు విడిభాగాలు, ఫౌండ్రీలు, లోహపు పూత వేసే ప్లేటింగ్ షెడ్లు దశాబ్దాల పాటు నడిచిన ఇలాంటి నేలల్లో ఇప్పుడు ఆఫీసు భవనాలు, ఫ్లాట్లు లేస్తున్నాయి. పెరంబూరులో మూతపడిన బిన్నీ మిల్లు స్థలంలోనూ ఇళ్లు వచ్చాయి. వాడకం మారడం తప్పు కాదు, ఊరు పెరిగేది అలాగే. మారేముందు ఎవరైనా తవ్వి చూశారా అన్నదే ప్రశ్న.

ఏ పని నడిచిందో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. ప్లేటింగ్ షెడ్డు అయితే ఆరు వేలెన్సీ క్రోమియం, నికెల్, సయనైడ్. తోళ్ల శుద్ధి అయితే క్రోమియం, దాంతో పాటు విపరీతమైన ఉప్పు. పాత బ్యాటరీలు కరిగించిన చోట సీసం. లోహపు భాగాలకు జిడ్డు వదిలించిన చోట ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం. ఇది నీటికంటే బరువైనది కాబట్టి భూగర్భ జలం పైన తేలకుండా అడుగుకు దిగి, బండ మీద మడుగు కట్టి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. పెట్రోలు బంకు తీసేసిన స్థలంలో బెంజీన్. అది నీటి మట్టం మీదే తేలుతుంది, ఆవిరై పైకొచ్చి సెల్లారు గదుల్లో చేరుతుంది.

క్రోంపేటకు ఆ పేరే క్రోమ్ తోళ్ల కంపెనీ వల్ల వచ్చింది. పక్కనున్న పల్లావరం, నాగల్కేణి ప్రాంతంలో తోళ్ల శుద్ధి కేంద్రాల వల్ల భూగర్భ జలాల్లో క్రోమియం, ఉప్పు చేరిన సంగతి చాలాకాలంగా తెలిసిందే. యజమాని చేతులెత్తేస్తే ఏమవుతుందో చూడాలంటే రాణిపేట ఉంది. 1995లో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలిన లక్షన్నర టన్నుల పైచిలుకు వ్యర్థం దశాబ్దాలుగా గుట్టగానే ఉండిపోయింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో, ఈ తమిళనాడు తోళ్ల పరిశ్రమల విషయంలోనే, గట్టిగా చెప్పింది. సూత్రం మంచిదే. చేసినవాడు దివాలా తీసి ఉంటే మాత్రం ఆ సూత్రం కొన్నవాడి బోరును శుభ్రం చేయదు.

పూర్వచరిత్ర తవ్వడానికి పెద్ద ఖర్చు లేదు. మూల దస్తావేజుల్లో అమ్మినవాళ్ల పేర్లలో కంపెనీ, మిల్లు, ఇండస్ట్రీస్ అన్న మాటలు ఎక్కడైనా తగిలితే అక్కడ ఆగాలి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూస్తే 2000ల నాటి షెడ్డు కప్పులు, చెరువులు, బూడిద గుట్టలు కనబడతాయి. ఫ్యాక్టరీ ఉందని తేలితే తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ఫీజు రూ.10, గడువు 30 రోజులు. అడగాల్సినవి మూడు: నడపడానికి ఇచ్చిన అనుమతి ప్రతి, ఏటా ప్రమాదకర వ్యర్థాల గురించి ఇచ్చే ఫారం 4, వ్యర్థాన్ని లారీలో పంపినప్పుడు రాసే ఫారం 10. అనుమతిలో ఏటా ఇన్ని టన్నుల బురద అని ఉండి, ఫారం 10లు మాత్రం నామమాత్రంగా ఉంటే, మిగతా బురద ఎక్కడికి పోయిందో ఊహించడం కష్టం కాదు. వెనక గోడ దగ్గర మొదట తవ్వి చూడాలి.

అన్నిటికంటే ముందు బోరు నీళ్లు

మట్టి పరీక్ష తవ్విన చోటు సంగతే చెబుతుంది. బోరు నీళ్లు చుట్టుపక్కల నేలంతా తడిసి వచ్చినవి కాబట్టి, తక్కువ ఖర్చుతో ఎక్కువ చెబుతాయి. అయితే ఇక్కడ జరిగే పొరపాట్లు కూడా ఎక్కువే.

మొదటిది ప్యాకేజీ పొరపాటు. ల్యాబ్‌కు వెళ్లి తాగునీటి టెస్టు చేయండి అంటే పీహెచ్, కరిగిన లవణాలు, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కోలిఫాం చూసి రిపోర్టు ఇస్తారు. అందులో క్రోమియం ఉండదు, సీసం ఉండదు, బెంజీన్ అసలే ఉండదు. రిపోర్టు చివర తాగడానికి పనికొస్తుంది అన్న ముద్ర మాత్రం ఉంటుంది. అమ్మేవాళ్లు చూపించే రిపోర్టులు సాధారణంగా ఇవే. కావలసిన పదార్థాల పేర్లు ఒక్కొక్కటీ రాసిచ్చి అడగాలి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల సామర్థ్యాన్ని చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే చాలదు, ఆ ఫలానా పరీక్షకు గుర్తింపు ఉందో లేదో, ల్యాబ్ పట్టగల కనీస మోతాదు ప్రమాణం కంటే తక్కువో కాదో చూడాలి. ప్రమాణం 0.01 ఉన్నచోట 0.05 కంటే తక్కువ అని రాసిన కాగితానికి విలువ లేదు.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు, సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, నికెల్ 0.02, కాడ్మియం 0.003, నైట్రేట్ 45 మించకూడదు. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. క్రోమియం నీటికి పసుపు ఛాయ తెచ్చేది లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూఇటూ చేరాకే. అంటే హద్దుకు పదిరెట్లు దాటినా నీళ్లు తేటగానే కనబడవచ్చు. గ్లాసు పైకెత్తి చూసి బాగున్నాయనడం ఇక్కడ పనికిరాదు.

రెండోది శాంపిల్ తీసే తీరు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచీ సంపు నుంచీ పట్టిన నీళ్లు పరీక్షకు పనికిరావు. బోరు గొట్టంలో నిలిచిన పాత నీళ్లు పోయి, నేలలోంచి కొత్త నీళ్లు రావాలి. దానికి గొట్టంలో ఉన్న నీటికి మూడు రెట్లు తోడి పారబోయడం వాడుక. 6 అంగుళాల బోరులో 30 మీటర్ల నీరుంటే అది దాదాపు 530 లీటర్లు, మూడు రెట్లు అంటే 1,600 లీటర్లు. నిమిషానికి 45 లీటర్లు తోడే మోటారు 35 నిమిషాలు నడవాలి. లోహాలకు పట్టే సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని రిపోర్టు తక్కువ చూపిస్తుంది. ఆరు వేలెన్సీ క్రోమియానికి మాత్రం ఆమ్లం వేయకూడదు, రూపం మారిపోతుంది. ఆ సీసా విడిగా పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లో పరీక్ష పూర్తయ్యేలా ల్యాబ్‌కు చేర్చాలి. బెంజీన్ లాంటివాటికి 40 మిల్లీలీటర్ల గాజు సీసా, లోపల గాలి బుడగ లేకుండా నింపాలి. తాగేసిన మినరల్ వాటర్ సీసాలో పట్టుకెళ్లిన నీళ్ల రిపోర్టు మీద కోటి రూపాయల నిర్ణయం తీసుకునేవాళ్లు ఉన్నారు, అదే ఆశ్చర్యం.

మూడోది కాలం. చెన్నైకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరిలో పట్టిన నీళ్లు పలచబడి ఉంటాయి, మే నెల నీళ్లు చిక్కగా ఉంటాయి. ఒక్కసారే పరీక్ష చేయించగలిగితే వేసవిలో చేయించాలి. పూడ్చిన నేల విషయంలో మాత్రం తిరకాసు ఉంది. నీటి మట్టం పైకొచ్చి చెత్త పొరను తాకినప్పుడే అందులోని సరుకు కరుగుతుంది కాబట్టి అక్కడ వానల తర్వాతి పరీక్షే ఎక్కువ చెబుతుంది.

పక్క ఫ్యాక్టరీ నుంచి నీళ్లు ఇటు పారుతున్నాయా అటు పారుతున్నాయా అని తెలియాలంటే కనీసం మూడు బోర్లలో, ఒకే ఎత్తు గుర్తుతో, నీటి మట్టాలు కొలవాలి. రెండింటితో దిక్కు తేలదు. సముద్రం తూర్పున ఉంది కాబట్టి నీళ్లూ తూర్పుకే పారతాయని అనుకోవడానికి లేదు. ఒక పెద్ద అపార్ట్‌మెంటు రాత్రింబవళ్లు తోడితే చుట్టూ ఉన్న నీళ్లన్నీ దాని వైపే తిరుగుతాయి.

ఆర్వో ఫిల్టరు ఉందిగా అనే జవాబు తరచుగా వినబడుతుంది. క్రోమియాన్ని మంచి పొర చాలావరకు ఆపుతుంది, బెంజీన్ లాంటివాటికి కార్బన్ ఫిల్టరు కావాలి. అయినా స్నానం, గిన్నెలు, మొక్కలు బోరు నీళ్లతోనే. ఆర్వో వదిలేసిన చిక్కటి నీళ్లు మళ్లీ అదే పెరట్లోకి.

మట్టి తీయాల్సి వస్తే లెక్క

మట్టి శాంపిళ్లు స్థలమంతా గళ్లు గీసి సమానంగా తీస్తే చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది, చిన్న స్థలంలో మాత్రం డబ్బు దండగ. ప్లేటింగ్ తొట్టి ఉన్నచోటు, మురుగు బయటికి పోయిన తూము, జనరేటరు గద్దె, ట్రాన్స్‌ఫార్మర్ మూల, వెనక గోడ వారగా తీయాలి. ఒక్కోచోట మూడు లోతులు: పైన 15 సెంటీమీటర్లు, ఒక మీటరు, నీటి మట్టానికి కాస్త పైన. వీటితో పాటు ఫ్యాక్టరీ గాలి తగలని పక్క స్థలం నుంచి ఒకటి. నేలలో సహజంగానే కొంత క్రోమియం, నికెల్ ఉంటాయి కాబట్టి పోల్చడానికి ఏదీ లేకుండా వచ్చిన అంకె భయపెట్టనూ వచ్చు, మభ్యపెట్టనూ వచ్చు.

చెడిన మట్టి తీసేస్తే సరిపోతుంది కదా అంటే లెక్క వేద్దాం. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు, దాదాపు 223 చదరపు మీటర్లు. మీటరు లోతు తీస్తే 223 ఘనపు మీటర్లు, 400 టన్నులకు కాస్త అటూఇటూ. 16 టన్నుల టిప్పర్లు పాతిక. ప్రమాదకర వ్యర్థం అని తేలితే దాన్ని ఏ గుంతలోనో పోయడానికి లేదు, గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామిక వాడలో ఉన్నలాంటి అనుమతి పొందిన కేంద్రానికే, ఫారం 10 రాసి పంపాలి. పంపే రుసుము, మంచి మట్టి తెచ్చి నింపే ఖర్చు వేరు. విషం నీటి మట్టం దాకా దిగి ఉంటే ఇదంతా చేసినా బోరు బాగుపడదు.

పూడ్చిన నేల సంగతి

చెన్నైలో చౌకగా దొరికే చదును స్థలాల్లో కొన్ని నిజానికి పూడ్చిన పల్లాలు. రెవెన్యూ రిజిస్టరులో ఆ సర్వే నంబరు లేదా పక్క నంబరు ఏరి, ఓడై, కళువెళి (తమిళంలో చెరువు, వాగు, చిత్తడి నేల) అని ఉంటే ఒకప్పుడు అక్కడ నీళ్లు నిలిచాయని అర్థం. ఏంతో పూడ్చారన్నది అసలు విషయం. గ్రావెల్ అయితే సరే. కూల్చిన ఇళ్ల శిథిలాలు, ఫౌండ్రీ ఇసుక, థర్మల్ కేంద్రం బూడిద, మునిసిపల్ చెత్త అయితే వేరు వేరు తలనొప్పులు.

దీన్ని కనిపెట్టే కాగితం చాలాసార్లు కొనేవాళ్ల చేతిలోనే ఉంటుంది. పునాది కోసం చేయించిన మట్టి బలం రిపోర్టులో బోరు లాగ్ అనే పట్టిక ఉంటుంది. అందులో మొదటి వరసలో పూడ్చిన మట్టి, 0 నుంచి 3.5 మీటర్లు అని రాసి ఉంటే, ఇంజనీరు దాన్ని దాటి పైల్స్ (లోతుకు దిగే పునాది స్తంభాలు) వేయమని సలహా ఇచ్చి ఊరుకుంటాడు. ఆయన చూసేది బలం, ఆ మట్టి ఏమిటన్నది ఆయన్ను ఎవరూ అడగరు. జేసీబీతో మూడు మీటర్ల గుంత ఒకటి తీయిస్తే ప్లాస్టిక్ కవర్లు, నల్లటి బురద, బూడిద పొరలు కళ్ల ముందే ఉంటాయి.

చెత్త కుళ్లితే మీథేన్ పుడుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. లిఫ్టు గుంత, సెల్లారు, కేబుల్ డక్టు లాంటి మూసిన చోట్లే దానికి అనువు. కొడుంగయ్యూర్, పెరుంగుడి డంపింగ్ యార్డుల చుట్టుపక్కల కొనేవాళ్లు బయోమైనింగ్ జరుగుతోంది, యార్డు పోతుంది అన్న మాట వింటారు. చెత్త తవ్వి తీసేది యార్డు హద్దు లోపలే. ఏళ్ల తరబడి నేలలోకి ఇంకిన ఊట నీరు హద్దు దాటి వచ్చి ఉంటే దాన్ని అది తీయదు.

మీంజూరు వైపు ఇంకో సమస్య ఉంది. దశాబ్దాల పాటు తోడేయడం వల్ల సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. ఇది మనిషికంటే ముందు ఇనుముకు హాని చేస్తుంది. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 మించకూడదని ఐఎస్ 456 చెబుతుంది. బోరు నీళ్లతోనే కాంక్రీటు కలిపిన అపార్ట్‌మెంట్లలో కొన్నేళ్లకే శ్లాబు కింద పెచ్చులు ఊడటం, ఊచలు తుప్పుతో ఉబ్బడం మొదలవుతుంది. కట్టేటప్పటి నీటి పరీక్ష కాగితం బిల్డరును అడిగితే ఇబ్బందిగా చూస్తాడు. ఆ చూపే ఒక జవాబు.

గాలి, దూరం, చిత్తడి నేల

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసి, 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్రంగా కలుషితమైనవిగా గుర్తించింది. మణలి అందులో ఉంది. 2023 డిసెంబరు వరదల్లో రిఫైనరీ ప్రాంతం నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు వాగులో, ఎర్నావూరు ఇళ్లలో చేరింది. అదే నెల 26 రాత్రి ఎన్నూరులో ఎరువుల కర్మాగారానికి చెందిన సముద్రగర్భ పైప్‌లైన్ నుంచి అమోనియా లీకై జనం ఇళ్లు వదిలి రోడ్ల మీదికొచ్చారు. 2020 మే 7 నాటి విశాఖ స్టైరీన్ లీకు గుర్తున్న తెలుగువాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఇక్కడ కిలోమీటర్ల దూరం కంటే గాలి దిక్కు ముఖ్యం. మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది, మణలి పొగను మాధవరం వైపు నెడుతుంది. వానాకాలంలో ఈశాన్యపు గాలి కొడుంగయ్యూర్, పెరంబూరు వైపు తోస్తుంది. ఆదివారం ఉదయం స్థలం చూసి రావడం వల్ల ఏమీ తెలియదు. ఒకసారి మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య, ఒకసారి తెల్లవారుజామున వెళ్లాలి. గాలి కదలని ఆ వేళే వాసన నేలకు అణిగి ఉంటుంది. పెట్రోలు బంకు పక్క స్థలమైతే 2020 నాటి మార్గదర్శకం ప్రకారం కొత్త బంకు ఇళ్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలని గుర్తుంచుకుంటే చాలు. పాత బంకులకు ఆ రక్షణ లేదు.

దక్షిణాన ఇబ్బంది వేరే రూపంలో వస్తుంది. పళ్లికరణై చిత్తడి నేలలో 1,247 హెక్టార్లకు 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల) గుర్తింపు వచ్చింది. 2025లో హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి, ప్రభావ ప్రాంతం శాస్త్రీయంగా తేలేదాకా దాని లోపల, చుట్టూ ఒక కిలోమీటరు మేర నిర్మాణ అనుమతులు ఇవ్వొద్దంది. పట్టా నిఖార్సుగా ఉన్న స్థలాలు కూడా ఆగిపోయాయి. ఇది విషం సంగతి కాదు, పరీక్షలో తేలేదీ కాదు. పటంలో గీత ఎక్కడ పడుతుందన్నదే పెట్టుబడికి గండం. చిత్తడి నేల, తీరప్రాంత నియంత్రణ, రెడ్‌హిల్స్ పరీవాహక ప్రాంతం, ఈ మూడు పటాల మీద సర్వే నంబరు పెట్టి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

పాత భవనమే కొంటుంటే రెండు మాటలు. ఆస్బెస్టాస్ రేకులు కప్పు మీద కదలకుండా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, సుత్తితో పగలగొట్టినప్పుడే పోగులు గాలిలో కలుస్తాయి. తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా ఉప్పుకాగితంతో గీకకూడదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలే కూడదు.

అగ్రిమెంటులో రాయించుకోవలసింది

అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది. అతనికి తెలుసని కోర్టులో నిరూపించడం కొనేవాడి పని. అది కష్టం కాబట్టి అగ్రిమెంటులోనే రాయించుకోవాలి: ఈ స్థలంలో ఇంతకుముందు ఫలానా పనులు నడిచాయి లేదా ఏ పరిశ్రమా నడవలేదు, భూమిలో ట్యాంకులు గానీ వ్యర్థాలు గానీ పాతలేదు, మట్టి, నీటి పరీక్షకు ఇన్ని రోజుల గడువు, ఫలితం ఫలానా హద్దు దాటితే అడ్వాన్సు పూర్తిగా వాపసు. ఈ షరతు వినగానే బేరం మానుకునే అమ్మకందారు తనకు తెలిసిందేదో చెప్పినట్టే.

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటుంది. స్థలం ప్రస్తుత వాడకం, చుట్టుపక్కల మట్టి, భూగర్భ జలాల ఫలితాలు అందులో చదవవచ్చు. ఫ్లాటు కొనేవాళ్లకు పైసా ఖర్చు లేకుండా దొరికే మంచి కాగితం ఇదే, తెరిచి చూసేవాళ్లు తక్కువ. కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, బాధ్యులతో శుద్ధి చేయించడం వాటిలో ఉన్నాయి. స్థలం ఆ జాబితాకెక్కితే శుద్ధికి దారి దొరకవచ్చు. ఈలోగా బ్యాంకు అప్పు, తిరిగి అమ్మకం రెండూ చిక్కుల్లో పడతాయని మాత్రం లెక్కలో వేసుకోవాలి.

ఫలితం వచ్చాక నిర్ణయానికి ఒక అడ్డగీత పనికొస్తుంది. పైమట్టిలోనే ఉన్న లోహం, హద్దులు తెలిసిన చిన్న చెత్త గుంత అయితే తొలగింపు ఖర్చుకు కొటేషను తీసుకుని, దానికి సగం కలిపి ధరలో కోయించి కొనవచ్చు. నీటిలోకి దిగిన ద్రావకం, పక్క స్థలం నుంచి ఇంకా వస్తున్న కాలుష్యం, ఎంత లోతో తేలని పూడిక అయితే ఎంత తగ్గించినా వదిలేయడమే మేలు, ఎందుకంటే ఖర్చుకు పైహద్దు లేదు.

నీళ్లు శుభ్రంగా ఉన్నాయని తేలి కొన్నా ఆ రిపోర్టు పారేయకూడదు. శాంపిల్ పట్టిన బోరు ఫొటో, తేదీ, ల్యాబ్ బిల్లు దస్తావేజులతో పాటే దాచాలి. రేపు పక్క షెడ్డు నుంచి ఏదైనా ఇంకితే, కొన్ననాడు నీళ్లు బాగున్నాయని చూపించే ఆధారం అదే. హరిత ట్రైబ్యునల్‌లో పరిహారం అడగడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 5 ఏళ్ల గడువు ఉంటుంది. ఏటా వేసవిలో అవే పదార్థాలకు, అదే బోరు నుంచి ఒక పరీక్ష చేయిస్తూ పోతే ఆ నాడు ఎప్పుడన్నది కూడా కాగితం మీద ఉంటుంది.